డ్రెయిన్ ట్యాంకు పేజీ

మాదాపూర్‌లో అప్పటికి బండలు ఎక్కువ, ఆఫీసులు తక్కువ. మధ్యాహ్నం బండలు పేల్చినప్పుడల్లా మా మానిటర్లు వణికేవి. కొత్త భవనంలో నాలుగో అంతస్తు సగం మాది. అణు విద్యుత్ కేంద్రంలో ఆపరేటర్ల శిక్షణ కోసం, అసలు టర్బైన్‌లాగే నడిచే కంప్యూటర్ నమూనా ఒకటి తయారు చేస్తున్నాం. నేను మెకానికల్ ఇంజినీరింగ్ చదివాను. అంటే, మార్కులు పడేంత అందంగా టర్బైన్ బొమ్మ గీయగలను. టర్బైన్‌ను మాత్రం చూడలేదు.

చూసినవారు మా ఆఫీసులో ఒక్కరే. టర్బైన్లు బిగించడంలోనే ఉద్యోగమంతా గడిపి రిటైరైన ఫోర్‌మన్. లింగంపల్లి నుంచి రెండు బస్సులు మారి వచ్చేవారు. ఆరు నెలల కాంట్రాక్టు. కాంట్రాక్టు వాళ్ల ఐడీ కార్డుకు తెల్ల పట్టీ, పర్మనెంటు వాళ్లకు నీలం పట్టీ. నీలం పట్టీ వస్తే భార్యకూ కంపెనీ వైద్యం వస్తుంది. ఆయన భార్యకు మోకాలి ఆపరేషన్ చేయాలన్నారట. డెమో బాగా జరిగితే నీలం పట్టీ ఇప్పిస్తానని మా మేనేజరు అందరి ముందే మాటిచ్చాడు.

మేం ఆయన్ని చాటుగా ‘ఆవిరి తాత’ అనేవాళ్లం. ఆ పేరు నేను పెట్టిందే. ఆఫీసుకు నేను చేసిన సేవల్లో అప్పటికి అదే పెద్దది.

నా వంతుకు వచ్చింది మాయిశ్చర్ సెపరేటర్ రీహీటర్. అదేమిటో చెప్పమని ఆయన పక్కన కూర్చున్నాను.

“సారూ, టర్బైన్ మొదటి సిలిండర్ల పనిజేసి బయటికొచ్చే ఆవిరి తడిగుంటది. గట్లనే రెండో సిలిండర్‌కు పంపితే నీటి చుక్కలు బ్లేడ్లను తినేస్తయి.” సంచిలోంచి వార్తాపత్రికలో చుట్టిన బ్లేడు ముక్క తీసి చూపించారు. ఒక అంచంతా గుంటలు, గాట్లు.

“ఎలుకలు కొరికాయా పెద్దసారూ?”

“ఎలుకైతే కడుపు నిండంగనే ఆగుతది సారూ. నీళ్లు ఆగయి.”

తర్వాత బస్సు కథ చెప్పారు. “గందుకే మధ్యల సెపరేటర్ పెడ్తరు. లోపట వంకరటింకర రేకులుంటయి. బస్సు మలుపు తిరిగితే ఏమైతది? లోపల రాడ్ పట్టుకున్నోడు బస్సుతోని తిరుగుతడు. ఫుట్‌బోర్డు మీదోడు సక్కగ పోయి గోడకు తగుల్తడు. ఆవిరి తిరుగుతది, నీటి చుక్క బరువు గద, రేకుకు తగిలి కిందికి జారుతది. ఇగ మిగిలిన ఆవిరి పైపుల గుత్తి మీదికెళ్లి పోతది. ఆ పైపుల లోపల బాయిలర్ కాడికెళ్లి నేరుగ వచ్చిన వేడి ఆవిరి. ఆ వేడికి ఇది ఎండి, కాగి, రెండో సిలిండర్‌కు పోతది.”

“అయిపోయిందా?”

“అసల్ సంగతి గిప్పుడే సారూ. తీసిన నీళ్లు యాడికి పోవాలె?”

అవి కింద డ్రెయిన్ ట్యాంకులోకి పోతాయట. ట్యాంకు వాల్వు మూసుకుపోతే నీళ్లు పైకెక్కి, సెపరేటర్ నిండి, చివరికి టర్బైన్‌లోకే పోతాయట. అంతకుముందే టర్బైన్‌ను ఆపేయాలట. అరగంట చెప్పారు. నోట్‌బుక్‌లో ఒక పేజీ నిండా రాసుకున్నాను. పేజీ అంచున, ముక్కుకు కుళాయి బిగించిన ముసలాయన బొమ్మ కూడా వేశాను. నోట్‌బుక్ సీటు సీటుకూ తిరిగింది. ఆయన దాకా వచ్చింది.

“ముక్కు జర పెద్దగైంది సారూ,” అన్నారు.

ప్రోగ్రాం రాసేటప్పుడు ట్యాంకు నాకు విసుగనిపించింది. సెపరేటర్ తీసిన నీళ్లను అక్కడికక్కడే లెక్కలోంచి కొట్టేశాను. తెర మీద మాత్రం ట్యాంకు ఉంది. అందులో సగానికి నీళ్లు, మంచి నీలం రంగులో.

“లెవెల్ కదుల్తలేదు సారూ,” అన్నారాయన, రెండు సార్లు.

“డెమో కానివ్వండి, కదులుతుంది.”

డెమోకు విద్యుత్ కేంద్రం నుంచి ముగ్గురు వచ్చారు. వాళ్లలో ఒకాయన అప్పటిదాకా బిస్కెట్లు తప్ప దేన్నీ ముట్టుకోలేదు. ఉన్నట్టుండి మౌస్ తీసుకుని డ్రెయిన్ వాల్వు మూసేశాడు. నీలం రంగు సగంలోనే ఉంది. టర్బైన్ హాయిగా తిరుగుతోంది. ఆయన టీ తాగడం కూడా పూర్తి చేశాడు.

“మా దగ్గరైతే ఈపాటికి మెషిన్ ట్రిప్పయి దానంతటదే ఆగిపోవాలండి. ఈ నీళ్లన్నీ ఏమయ్యాయి?”

మేనేజరు మావైపు తిరిగాడు. “ఈ లాజిక్ ఎవరిచ్చారండీ?”

నోట్‌బుక్ నా ముందే ఉంది. “టర్బైన్ సంగతులన్నీ పెద్దాయన గారు చెప్పినట్టే రాశామండి,” అన్నాను. ‘గారు’ మానలేదు. మర్యాద ముఖ్యం.

“నేను జెప్పిన గద సారూ...”

“చెప్తే రాయకుండా ఉంటాడాండీ? ఇంజినీరింగ్ చదివినవాడు,” అన్నాడు మేనేజరు.

“మర్చిపోయుంటారు సార్, వయసు కదా,” అన్నారెవరో వెనక నుంచి. అందరూ నవ్వారు. ఆ మాట నాకు తట్టనందుకు కాస్త చిన్నతనంగా అనిపించింది.

ఆయన నా నోట్‌బుక్‌ వైపు చూశారు. తెరవమని అడగొచ్చు. అడగలేదు. అడిగితే తెరిచేవాణ్ణో లేదో ఇప్పటికీ తేల్చుకోలేదు. తేల్చుకోవలసిన అవసరం రాకుండా ఆయనే చూశారు.

ఆ శుక్రవారం కాంట్రాక్టు అయిపోయింది. తెల్ల పట్టీ మెడలోంచి తీసి, చేతికి చుట్టుకుని నా సీటు దగ్గరికి వచ్చారు.

“ఇంట్ల ఏమని జెప్పాలె సారూ?”

“ప్రాజెక్టు అయిపోయిందనండి.”

“ఆపరేషన్ ఎప్పుడని అడుగుతది గద.”

నేను తెర మీద ఏదో వెతికాను. ఆయన సంచిలోంచి బ్లేడు ముక్క తీసి నా టేబుల్ మీద పెట్టారు. “మీ కాడ ఉండనియ్యుండ్రి. ట్యాంకు పని మాత్రం మర్వకుండ్రి.”

సోమవారం ఆ పేజీ తెరిచాను. అన్నీ ఉన్నాయి: నీళ్లు ఎంత పైకెక్కితే హెచ్చరిక, ఎంతకు ట్రిప్, ఏ వాల్వు తర్వాత ఏ వాల్వు. రెండు రోజుల్లో పనైపోయింది. వాల్వు మూయగానే నీలం రంగు పైకెక్కింది, సైరన్ మోగింది, టర్బైన్ ఆగింది.

మేనేజరు నా వీపు చరిచాడు. “అదిరిందయ్యా! ఎక్కడ పట్టావ్ ఇదంతా?”

“నోట్సులో ఉందండి.”

ఎవరు చెప్పిన నోట్సని మేనేజరు అడగలేదు. నేను ఆ పేజీ అంచు కత్తిరించేసి, బొమ్మ లేకుండా ఫైల్లో పెట్టాను. ఏసీ గాలికి కాగితాలు ఎగరకుండా బ్లేడు ముక్కను వాటి మీద పెట్టుకున్నాను, కొరికిన అంచు గోడవైపుకు తిప్పి.