బొట్టుకు ఒక గడి

కుట్టు మిషను కొనడానికి పట్నం పోయి కంప్యూటరు కొనుక్కొచ్చినవాణ్ణి వికారాబాదు మొత్తానికి నేనొక్కణ్ణే అయి ఉంటాను. ఎనభైల చివర్లో జరిగిన ఈ సంగతి ఆనాటి డైరీలో నాలుగు వాక్యాల్లో ఉంది. "మిషన్ల దుకాణం మూసి ఉంది. పక్క దుకాణం తెరిచి ఉంది. అందులో కంప్యూటరు ఉంది. కొన్నాను." దాని కింద, ఇంటికొచ్చాక రాసింది: "పెట్టె విప్పి, సూది ఎక్కడుంది అని అడిగింది. దీంట్లో నీ ఫోటో చూపిస్తా అన్నాను. నవ్వలేదు."

అడిగింది నా భార్య. నవ్వనిది కూడా ఆమే.

ఆ యంత్రం ఒక పెద్ద పుస్తకమంత ఉంటుంది. కీబోర్డే కంప్యూటరు. దానికి తెర లేదు, ఇంట్లో టీవీకి తగిలించుకోవాలి. ప్రోగ్రాం ఎక్కించాలంటే టేప్ రికార్డరులో క్యాసెట్ పెట్టి వినిపించాలి. అది కీచుకీచుమని ఒర్లుతుంటే యంత్రం శ్రద్ధగా విని, విన్నదాన్ని అర్థం చేసుకుంటుంది. మా ఇంట్లో నా మాట అంత శ్రద్ధగా విన్నది అదొక్కటే.

ఫోటోను దానిలోకి ఎక్కించే దారి అప్పట్లో నాకు తెలియదు. గళ్ళ కాగితం మీద నా భార్య ముఖం గీసి, చుక్క చుక్కనూ అంకెలుగా మార్చి, ఎనిమిది రోజులు కొట్టాను. టీవీలో వచ్చినదాన్ని చూసి ఆమె, "గీ గుమ్మడికాయ ఎవలది?" అంది. యంత్రం అట్టపెట్టెలోకి పోయి, గోడ మీది సజ్జ ఎక్కింది. కుట్టు మిషను మరుసటి నెల వచ్చింది. కానీ ముప్పై ఏళ్ళు దాటినా ఇంట్లో ఏ వస్తువు కొన్నా, "సూది ఉన్నదా చూసిన్రా?" అన్న ప్రశ్న మాత్రం పోలేదు.

మొన్న ఇంటికి రంగులు వేయించాలనుకున్నాం. ఆదివారం పొద్దున సజ్జ మీది సామాను దించుతుంటే అట్టపెట్టె బయటపడింది. ఆమె దాన్ని కొంగుతో తుడిచి, నా ముందు పెట్టి, తీర్పు చెప్పింది.

"బేస్తారం పాత సామాన్ల ఆటో వస్తది. గా లోపల ఇది ఒక్క పనన్న చేసిందా, ఉంటది. చెయ్యలేదా, పోతది. ఇగ నన్నేం అనొద్దు."

"ఏ పని?"

"ఏ పని అని నన్నడుగుతరేంది? కొన్నది మీరు. ఫోటో చూపిస్తనని చెప్పింది మీరు."

నాలుగు రోజుల గడువు. నాకు పట్టరాని హుషారు వచ్చింది. రిటైరైన మనిషికి గడువు అనేది దొరకడమే కష్టం. తాండూరులో నాపరాళ్ళ పాలిష్ ఫ్యాక్టరీలో బండల కొలతలు రాయడం నా ఉద్యోగం. లారీ నిండేలోపు కొలతలు అందాలి. ఆ తొందర పోయి చాలా ఏళ్ళయింది. మళ్ళీ వచ్చింది.

లాప్‌టాప్‌లో వెతికితే మధ్యాహ్నానికల్లా దారి దొరికింది. పరదేశంలో ఎవరో పుణ్యాత్ముడు, నాలాగే పని లేని పెద్దమనిషే అయి ఉంటాడు, ఏ ఫోటోనైనా ఆ పాత యంత్రానికి తగిన బొమ్మగా మార్చే ప్రోగ్రాం రాసి ఉచితంగా పెట్టాడు. ఫోటో ఇస్తే దాన్ని బొమ్మగా మార్చి, ఆ బొమ్మను మళ్ళీ కీచు శబ్దంగా మార్చి ఇస్తుంది. ఆ శబ్దాన్ని ఫోన్లో వేసుకుని, క్యాసెట్ బదులు ఫోన్‌నే వైరుతో యంత్రానికి తగిలించి వినిపించాలి. చదువుతుంటే కుర్చీలో కూర్చోలేకపోయాను. ఇంట్లో మూడు చుట్లు తిరిగాను.

సోమవారం యంత్రాన్ని ఒళ్ళో పెట్టుకుని రైలెక్కి తాండూరు పోయాను. మా కొత్త టీవీకి ఆ యంత్రం తగలదు. నా ఎరుకలో పాత డబ్బా టీవీలు ఇంకా దాచుకున్న మెకానిక్ అక్కడ ఒక్కడే మిగిలాడు. నా కన్నా రెండేళ్ళు పెద్ద. యంత్రం అడాప్టర్ విప్పి, వాసన చూసి, లోపల ఏదో మార్చి మళ్ళీ బిగించాడు.

"సాబ్, గీ డబ్బా టీవీల ఏం చూస్తరు జర చెప్పుండ్రి."

"మా ఇంటామె ఫోటో."

"ఫోన్ల లేదా ఫోటో?"

"ఉన్నది."

"మంచిగ కనవడ్తలేదా?"

"మస్తుగ కనవడ్తది."

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. "సాబ్, మీరు పరేషాన్ గాకుండ్రి. టీవీ తీస్కపోండ్రి. మీకు బాగైనంక తెచ్చియ్యుండ్రి." యంత్రం బాగయితేనా, నేను బాగయితేనా అన్నది ఆయన చెప్పలేదు. టీవీని పాత దుప్పట్లో మూటగట్టి మళ్ళీ రైల్లో తెచ్చాను. పక్క సీటు ఆయన దాన్ని అనుమానంగా చూసి వికారాబాదు దాకా కాళ్ళు ముడుచుకునే కూర్చున్నాడు.

మంగళవారం పని మొదలు. పోయిన చలికాలం కోట్‌పల్లి ప్రాజెక్టు కాడ తీసిన ఫోటో ఎంచుకున్నాను. ఆకుపచ్చ చీర, వెనక నీళ్ళు, నుదుట రూపాయి బిళ్ళంత ఎర్రటి బొట్టు. ప్రోగ్రాంకు ఇచ్చాను. ఫోన్ తగిలించాను. యంత్రం విన్నది. టీవీ అంచుల్లో నీలం, పసుపు చారలు పరుగులు తీశాయి. మొదట నలుపు తెలుపుల్లో ముఖం వచ్చింది. అచ్చం ఆమే! గుమ్మడికాయ కానే కాదు. "రా, రా!" అని అరిచాను. ఆమె చేతిలో గరిటెతో వచ్చింది. అప్పుడే పైనుంచి వరుస వరుసగా రంగులు దిగాయి.

నుదురంతా ఎర్రబారింది. కనుబొమ్మలు కూడా.

"నుదురు మీద మిరపకాయల బస్తా పెట్టిన్రా?" అని, గరిటె ఊపుకుంటూ వంటింట్లోకి పోయింది.

తప్పు ఎక్కడుందో వెతకడం నాకు ఇష్టమైన పని. ఆ యంత్రం తెరను చిన్న చిన్న గడులుగా విడదీస్తుంది. అడ్డం ముప్పై రెండు, నిలువు ఇరవై నాలుగు. ఒక్కో గడిలో రెండే రంగులకు చోటు. మూడో రంగు వస్తే ప్రోగ్రాం తనకు తోచిన రంగును తీసేస్తుంది. ముఖానికి దొరికిన రంగు పసుపు, నలుగు పెట్టిన పెళ్ళికూతురి మాదిరి. అది బాగానే ఉంది. కానీ బొట్టు సరిగ్గా నాలుగు గడులు కలిసే మూల మీద పడింది. నాలుగు గడుల్లోనూ ఎరుపు దూరి నలుపును తోసేసింది. కనుబొమ్మలు గల్లంతయ్యాయి.

వెలుతురు పెంచాను, తగ్గించాను. రంగులు చిక్కబరిచాను, పలచబరిచాను. పదకొండుసార్లు ప్రయత్నించి, పదకొండింటి ఫలితాలూ డైరీలో రాశాను. ఏడోసారి మాత్రం పళ్ళు పచ్చగా వచ్చాయి. అది ఆమెకు చూపించలేదు.

బుధవారం పొద్దున నేను చేసిన తప్పు ఈ జన్మలో మళ్ళీ చెయ్యను. ఫోన్ పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడి, "ఒక్క ఫోటో, ఒక్క నిమిషం, బొట్టు తీసి..." అన్నాను.

మాట పూర్తి కాలేదు. ఆమె చపాతీ కర్ర కింద పెట్టింది.

"ఏమన్నరు?"

"ఫోటో కోసమే..."

"మీరు గుండ్రాయి లెక్క నా ముందు నిలవడి ఉండంగ నేను బొట్టు తియ్యాల్నా? గా డబ్బా కోసం? థూ, నోట్లె మన్నువడ!" మన్ను ఎవరి నోట్లోనో తేల్చలేదు కానీ మధ్యాహ్నం దాకా నాతో మాట్లాడలేదు. అన్నం పెట్టింది, కూర వేసింది, పచ్చడి మాత్రం నా చేతికి అందకుండా పెట్టింది. నిజానికి ఆమె అన్నది సబబే. డైరీలో అలాగే రాసుకున్నాను.

భోజనమయ్యాక ఫోటోను పెద్దదిగా అచ్చు తీసి, దాని మీద స్కేలుతో గళ్ళు గీస్తూ కూర్చున్నాను. ఆమె నేల తుడుస్తూ వచ్చి, నా కాళ్ళు ఎత్తించి, కాగితం వైపు చూసింది. మాట్లాడకూడదనుకున్న మనిషి మాట్లాడక ఉండలేకపోయింది.

"గిది బండలేసుడే గద."

"ఏంది?"

"బండలు. మళ్ళ గోడ కాడికెల్లి మొదలువెట్టిన్రు. మీరెప్పుడు గంతే."

నేను కాగితం చూశాను. తర్వాత నేల చూశాను.

మా ఇల్లు కట్టినప్పుడు తాండూరు బండలు నేనే దగ్గరుండి ఏరి లారీలో తెచ్చాను. హాల్లో బండలు వేసే రోజు నేను డ్యూటీలో ఉన్నాను. ఆమె మేస్త్రీతో, "గడప నడుమ ఒక నిండు బండ వెయ్యి, ఆడికెల్లి అటూ ఇటూ పో" అని చెప్పి వేయించింది. ఇప్పటికీ మా హాల్లోకి వచ్చేవాళ్ళ కాలు నిండు బండ మీదే పడుతుంది. కోసిన ముక్కలన్నీ గోడల పక్కకు, మంచాల కిందికి పోయాయి. పడకగదికి మాత్రం నేను సెలవు పెట్టి ఉండి, లెక్క ప్రకారం గోడ నుంచి మొదలుపెట్టించాను. దాని తలుపు కాడ రెండు వేళ్ళ వెడల్పు ముక్క మిగిలింది. ఆ ముక్క లేచి, ఇంట్లో అందరి కాలి వేళ్ళకూ తగిలింది. ఎందుకైనా మంచిదని ఆనాటి డైరీ తీశాను. "బండలు గోడ నుంచే మొదలుపెట్టాలని వాదించాను. నా మాటే నెగ్గింది" అని నా చేతిరాతే ఉంది.

"గట్లయితే ఏడికెల్లి మొదలుపెట్టాలె?" అని అడిగాను.

"నన్నడుగుతరేంది? బొట్టు కాడికెల్లి." బకెట్టు తీసుకుని పోయింది.

ఉద్యోగమంతా బండలు కొలిచినవాడికి ఈ ఆలోచన పదకొండుసార్లలో ఒక్కసారీ రాలేదు! ఫోటోను మూడు చుక్కలు ఎడమకు, రెండు చుక్కలు పైకి జరిపాను. అంతే. బొట్టు వెళ్ళి ఒక గడిలో, అంచులు తగలకుండా కూర్చుంది. లాప్‌టాప్ ముందు ఒక్కణ్ణే చప్పట్లు కొట్టాను.

బేస్తవారం పదిన్నరకు అన్నీ సిద్ధం చేసి ఆమెను కుర్చీలో కూర్చోబెట్టాను. ఫోన్ నొక్కాను. చారలు పరుగెత్తాయి. వీధి చివర మైకు వినబడింది. "పాత ఇనుప సామాన్లు, పాత కూలర్లు, పాత కుర్చీలు కొంటాం..." ముఖం సగం దాకా దిగింది. అంతలో ఫోన్ మోగింది. యంత్రం ఆ పాట కూడా శ్రద్ధగా విని, ఇది నాకర్థం కాదని రాసి ఆగిపోయింది.

పెద్దేముల్ నుంచి మరదలు. రోజూ ఆ వేళకు చేస్తుందని నా డైరీలు చూస్తే ఎవరైనా చెప్పగలరు.

"బావా, అక్క ఏం చేస్తున్నది?"

"మీ అక్కను టీవీల ఎక్కిస్తున్న."

"ఎక్కిస్తే ఎక్కిచ్చిన్రు గని జర దించుండ్రి. తొక్కుల ఉప్పెంత వెయ్యాల్నో అడగాలె."

పచ్చడిలో ఉప్పు సంగతి తేలేసరికి ఆటో మా వాకిట్లోకి వచ్చింది. సామాన్లాయన తూకం కాటా పట్టుకుని, "అమ్మా, ఏమున్నయి?" అంటూ మెట్లెక్కాడు.

"ఉన్నది, ఆగు," అంది ఆమె, అట్టపెట్టె వైపు చూస్తూ.

"ఒక్క నిమిషం!" అని నేను అరిచిన అరుపుకు ఆయన కాటా కింద పెట్టేశాడు. ఫోన్లో విమానం గుర్తు నొక్కాను, ఇక ఏ మరదలూ అడ్డం రాదు. మళ్ళీ మొదటి నుంచి. చారలు. కీచుమోత. నలుపు తెలుపు ముఖం గీత గీతగా నిండింది. తర్వాత పై వరుస నుంచి రంగులు. వెనక నీళ్ళు నీలం. జుట్టు నలుపు. నుదురు పసుపు. కనుబొమ్మల మధ్య ఒక్క గడి, ఒకే ఒక్క గడి, ఎర్రగా వెలిగింది. కనుబొమ్మలు రెండూ నల్లగా, చెక్కుచెదరకుండా ఉన్నాయి.

"అమ్మా, గిది మీరే గద!" అన్నాడు సామాన్లాయన.

ఆమె లేచి టీవీ దగ్గరికి వెళ్ళింది. బొట్టు మీద వేలు పెట్టింది. తర్వాత తన నుదుటి మీద వేలు పెట్టుకుంది. నేను గెంతాను. ఈ వయసులో గెంతకూడదని డాక్టరు చెప్పిన సంగతి గెంతాక గుర్తొచ్చింది. ఆమె నవ్వడం మొదలుపెట్టి ఆపలేకపోయింది, కొంగు నోట్లో కుక్కుకుని మళ్ళీ కుర్చీలో కూర్చుంది. సామాన్లాయన ఎందుకో తెలియకుండానే మాతో కలిసి నవ్వాడు.

"మరి ఏమియ్యాల్నమ్మా?" అన్నాడు కాసేపటికి.

ఆమె కళ్ళు తుడుచుకుని మూలకు చూపించింది. నేను నడుము తగ్గించుకోవడానికి కొన్న, ఎంత తొక్కినా కదలని సైకిల్ అక్కడుంది. దాని మీద ఆమె తువ్వాళ్ళు ఆరేస్తుంది. "గది తీస్కపో," అంది. నేను దాని మీది తువ్వాళ్ళు తీసి భుజాన వేసుకున్నాను.

ఆటో పోయింది. ఆమె టీవీ ముందు నుంచి కదలలేదు. కాసేపటికి ముందుకు వంగి, నవ్వు ఆపి, "నా ముక్కుపుడక ఏది?" అంది.

చూశాను. లేదు. ముక్కున్న గడిలో పసుపు, నలుపు ఉన్నాయి. రాయి తెలుపు.

"ముక్కుపుడక లేకుంట గిదేం ఫోటో? గది వచ్చేదాక దీన్ని సజ్జ మీద పెట్టొద్దు, ఎవలకి ఇయ్యొద్దు. తాండూరాయనకు ఫోన్ చేసి టీవీ ఇప్పుడే రాదని చెప్పుండ్రి."

వెంటనే ఆయనకు ఫోన్ చేసి చెప్పాను. ఆ గడిలో మూడో రంగు పట్టదని, తెలుపు పెడితే ముక్కు సగం తెల్లబడుతుందని, ఎన్ని చుక్కలు ఎటు జరిపినా ముక్కుపుడక ఎప్పటికీ రాదని మాత్రం ఆమెకు చెప్పలేదు. డైరీలో రాసుకున్నాను. రేపు పదమూడో ప్రయత్నం.