మెట్ల మలుపులో చెయ్యి

నిరుడు మారథాన్‌లో ఆమెకు ఒక గంట పోయింది. వాచీలో ఉంది, ఆమె జ్ఞాపకంలో లేదు. ఫ్లైఓవర్ మీద రెయిలింగ్ పట్టుకుని ఊపిరి తీసుకోవడం గుర్తుంది. ఆ తర్వాత గుర్తున్నది ఆసుపత్రి పైకప్పు, భర్త మొహం, కిరసనాయిలు వాసన. ఆమె కుడి అరచేతికి అంటుకున్న నల్ల పెయింటును అతను దూదితో తుడుస్తున్నాడు. రెయిలింగ్‌కు ముందురోజే రంగు వేశారట.

మధ్యలో ఏం జరిగిందో తెలిసింది కొంచెమే. ఫ్లైఓవర్ కింద ఏదో అపార్ట్‌మెంట్ మెట్ల దగ్గర ఆమె కూలబడి ఉంటే ఎవరో అంబులెన్సుకు ఫోన్ చేశారు. నీళ్ళు మరీ ఎక్కువగా తాగడంతో ఒంట్లో ఉప్పు పలచబడి మెదడు మసకబారిందని డాక్టరు చెప్పాడు. నీళ్ళ బల్ల కనిపించినప్పుడల్లా రెండు గ్లాసులు తాగమని చెప్పి పంపింది భర్తే. ఆ మాట ఇద్దరూ మళ్ళీ ఎత్తలేదు. కానీ అప్పటినుంచి ఆమె ఎప్పుడు పరుగెత్తి వచ్చినా అతను ముందు ఆమె కుడిచెయ్యి తిప్పి చూస్తాడు.

ఫలితాల్లో ఆమె నంబరుకు ఎదురుగా 'మధ్యలో ఆపేశారు' అని ఉంది. ఆమెను పట్టుకుని వదలనిది ఆ మాటే. ఆపేసింది ఎవరు? తనే అయితే, తనకెందుకు తెలియదు? అద్దం ముందు జడ వేసుకుంటూ ఒక్కోసారి చేతులు ఆపేది. తనకు తెలియకుండా తన కాళ్ళతో నడిచి వెళ్ళిన మనిషి ఇంకా లోపలే ఉందేమో, అలిసిపోయినప్పుడల్లా తలుపు తీసుకుని బయటికొస్తుందేమో అనిపించేది.

ఆమె పని కట్టుడు పళ్ళు తయారు చేయడం. ఇరవై ఏళ్ళుగా అదే ల్యాబ్. ఎవరో ఎక్కడో మెత్తటి మైనాన్ని కొరుకుతారు. ఆ ముద్ర డబ్బాలో పెట్టి ఇక్కడికి పంపిస్తారు. మనిషిని ఆమె ఎప్పుడూ చూడదు. ముద్ర చూసి నోటి సంగతి చెబుతుంది: ఈయన ఒక పక్కనే నములుతాడు, ఈవిడ నిద్రలో పళ్ళు కొరుకుతుంది. బల్లకు అటువైపు కూర్చునే పెద్దాయనను అందరూ మైనం మామ అంటారు.

"ఏమ్మాయ్, ఆదివారం మళ్ళీ ఊరంతా కొలిచొస్తావట?"

"ముప్పై రెండు కిలోమీటర్లు మామా. ఆ ఫ్లైఓవర్ మీదుగా."

"అదే ఎందుకు? వేరే రోడ్లన్నీ అలిగాయా?"

"అది దాటి సొంత తెలివితో తిరిగొస్తేనే ఈ ఏడు మారథాన్‌కు నిలబడతా. లేకపోతే ఆదివారం సాయంత్రమే పేరు వెనక్కి తీసుకుంటా. ఇక పరుగు మాటే ఎత్తను."

ఆయన ఒక ముందు పన్నును మైనంలో నిలబెట్టి, తల వంచి చూశాడు. "తెలివి ఉందో లేదో నీకెలా తెలుస్తుందే? లేనప్పుడు లేదని తెలియదుగా."

ఆమె చేతిలో పని బల్లమీద పెట్టింది. ఎదురుగా ట్రేలో పళ్ళు వరసగా ఉన్నాయి. అప్పుడు తట్టింది. మనిషికి పళ్ళూ ముప్పై రెండే. కిలోమీటరుకొక పన్ను. పై దవడ కుడి చివర మొదలుపెట్టి ఎడమ చివరకు, అక్కణ్ణుంచి కింది దవడలోకి దిగి మళ్ళీ కుడికి. నిద్రలో లేపి అడిగినా తప్పు చెప్పని వరస అది. వరస తప్పిందంటే తాను లేనట్టే.

శనివారం భర్త స్కూటర్ తుడుస్తూ అన్నాడు, "నీ వెనకాలే వస్తాను. నోరెత్తను."

"నువ్వు ఎత్తకపోయినా నీ బండి ఊరుకుంటుందా? దగ్గుతూనే ఉంటుంది."

"పోనీ ఫ్లైఓవర్ దగ్గర నిలబడతాను."

"వద్దు. పరుగు ముగిసే చోట, స్టేడియం గేటు దగ్గర ఉండు. నువ్వు కనిపిస్తే నిన్ను చూసి వచ్చేస్తాను. అది లెక్కలోకి రాదు."

అతను గుడ్డ పిండి హ్యాండిల్ మీద ఆరేశాడు. లోపలికి వెళ్ళి ఉప్పు, పంచదార కలిపిన పొట్లాలు చుట్టి ఆమె నడుం సంచిలో పెట్టాడు.

ఆదివారం తెల్లవారుతుండగా బయల్దేరింది. గోడౌన్ల రోడ్డు పొడవునా షట్టర్లన్నీ దించి ఉన్నాయి. పై దవడ సాఫీగా గడిచిపోయింది. తొందరపడలేదు. దాహం వేసినప్పుడే గుక్కెడు నీళ్ళు, మధ్యమధ్య ఒక పొట్లం. కిలోమీటరు దాటినట్టు వాచీ మోగగానే పన్ను పేరు పైకే అనేది. పాల వ్యాను తోలేవాడు ఒకడు ఎర్ర లైటు దగ్గర వినేసి, "ఏమంటున్నారమ్మా?" అన్నాడు. "కోర పన్ను," అంది. అతను అద్దం ఎత్తేసుకున్నాడు.

మలుపు తిరిగి కింది దవడలోకి వచ్చేసరికి ఎండ పొడుచుకొచ్చింది. తొడలు బరువెక్కాయి. ఫ్లైఓవర్ ఎక్కుతుంటే పక్కన ఇంకెవరో అడుగులు వేస్తున్నట్టు అనిపించింది. తన అడుగుల చప్పుడే గోడకు తగిలి వస్తోందని తెలుసు. అయినా పక్కకు చూడలేదు.

ఫ్లైఓవర్ పైన వాచీ మోగింది. "కింద, కుడి కోర పన్ను," అంది. దాని తర్వాత ఏది?

రాలేదు.

రెయిలింగ్ పట్టుకుంది. రంగు ఎప్పుడో ఎండి, పెచ్చులు లేచింది. ఇరవై ఏళ్ళుగా వేళ్ళతో నిలబెట్టిన పన్ను, దాని ఆకారం చేతికి తెలుస్తోంది, పేరు మాత్రం లేదు. అయిపోయింది, ఆ లోపలి మనిషి వచ్చేసింది అనుకుంది. కాస్త ముందు ఫ్లైఓవర్ నుంచి కిందికి ఇనుప మెట్లున్నాయి. అటు వెళ్ళాలని ఆమె అనుకోలేదు. కాళ్ళు దిగాయి.

సందులో మూడంతస్తుల అపార్ట్‌మెంట్. గేటు తీసే ఉంది. మెట్ల కింద ఒక పెద్దావిడ ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని పేపరు చదువుతోంది. తలెత్తి, కళ్ళజోడు పైకి తోసుకుంది.

"ఓసి నీ దుంపతెగ! మళ్ళీ వచ్చావా?"

"నేను మీకు తెలుసా అమ్మా?"

"తెలియకేం? నల్ల చెయ్యి పిల్లవి. ఈసారి నిన్ను ఎక్కనివ్వను, చెబుతున్నా." ఆవిడ నిజంగానే లేచి కుర్చీ మెట్లకు అడ్డం పెట్టింది.

"ఎక్కడమేంటి? నేను ఇక్కడ కూలబడ్డానని చెప్పారే."

"కూలబడటమా! ఎక్కుతావు, దిగుతావు. మళ్ళీ ఎక్కుతావు. అమ్మా కూర్చోవే అంటే వినవే! చివరికి ఇదే కుర్చీ అడ్డం పెట్టి, నీ రెండు భుజాలూ పట్టుకుని కూలేశాను. ఇంకెంత దూరం అని అడిగావు. అయిపోయిందమ్మా అన్నాను. అబద్ధం అన్నావు! నా మొహం మీదే!" ఆవిడ గోడవైపు చెయ్యి చూపించింది. "అదిగో నీ నిర్వాకం. సున్నం వేయించమని ఓనరుకు చెప్పి చెప్పి నా నోరు నొప్పెట్టింది."

మెట్ల మలుపులో, భుజమెత్తున, గోడ మీద నల్లటి అరచెయ్యి. ఒకటి కాదు. ఒకదానిమీద ఒకటి పడ్డ చేతులు. కింది మలుపులో చిక్కగా, పై మలుపులో పలచగా, ఆ పైన మరకగా.

ఆమె కుర్చీ పక్కనుంచి దూరి దగ్గరగా వెళ్ళి చూసింది. ముద్రలు చదవడం ఆమెకు కొత్త కాదు. వాలిపోయే మనిషి చెయ్యి గోడ మీద కిందికి జారుతుంది. ఇవి జారలేదు. వేళ్ళన్నీ పైకే ఉన్నాయి. మణికట్టు వైపు నొక్కు గట్టిగా ఉంది. మలుపు తిరిగేటప్పుడు ఒంటిని ముందుకు తోసుకున్న నొక్కు అది. తన కుడిచెయ్యి దానిమీద పెట్టింది. సరిగ్గా పట్టింది.

తను ఆపలేదు. తనను ఆపారు.

ఊరట కలగాల్సిన చోట ఇంకో భయం మొదలైంది. తన పేరు కూడా తెలియని ఆడది తన ఒంటితో, ఈ గోడల మధ్య, దూరం తరగని మెట్లమీద పరుగెత్తింది. ఈ కుర్చీ లేకపోతే ఇంకా పరుగెత్తుతూ ఉండేది. ఏడాదిగా భయపడింది ఆగిపోయే మనిషిని చూసి. ఆ మనిషికి ఆగడమే రాదు.

"కోర పన్ను పక్కన చిన్న దవడ పన్ను," అంది మెల్లగా.

"ఏ పన్ను? నెప్పా?" అంది పెద్దావిడ.

"కాదమ్మా. గుర్తొచ్చింది." నడుం సంచిలోంచి పొట్లం తీసి నోట్లో వేసుకుంది. ఆవిడ ఇచ్చిన గ్లాసులో రెండు గుక్కలు తాగి, మిగతాది తిరిగి ఇచ్చేసింది.

మిగిలిన అయిదు కిలోమీటర్లూ పక్కన అడుగులు వినిపిస్తూనే ఉన్నాయి. ఈసారి గోడలు లేవు. ఆమె పక్కకు చూడలేదు. ఆ అడుగులను ముందుకు మాత్రం పోనివ్వలేదు. వాచీ మోగినప్పుడల్లా పన్ను పేరు గట్టిగా అంది. చివరిది జ్ఞాన దంతం. కట్టుడు పళ్ళలో దాన్ని పెట్టరు. ఆమె ఎప్పుడూ చెయ్యలేదు. అయినా పేరు తడుముకోకుండా వచ్చింది.

స్టేడియం గేటు దగ్గర భర్త ఎదురొచ్చాడు. కుడిచెయ్యి అందుకుని తిప్పాడు. అరచెయ్యంతా మెట్ల గోడ సున్నం తెల్లగా అంటుకుని ఉంది.

"ఇదేంటి?"

"ఆ రోజు నేను ఆపలేదు."

అతను బొటనవేలితో సున్నాన్ని రుద్దుతూ నిలబడ్డాడు. "నేనే రెండేసి గ్లాసులు..."

"ఊరుకో. పేరు వెనక్కి తీసుకోవడం లేదు. పద, ఆకలేస్తోంది."

అతను బండి స్టార్ట్ చేశాడు. ఎక్కబోతూ ఆమె ఒకసారి వెనక్కి తిరిగి చూసింది. రోడ్డు ఖాళీగా ఉంది. సీటు మీద ఎప్పటికన్నా కాస్త ముందుకు జరిగి, వెనక ఇంకొకరికి చోటు వదిలి కూర్చుంది.