తాటిబందలో అలివి వల

పొద్దున్న నాలుగున్నరకి తలుపు తీయగానే దాలమ్మ గడప మీద నిలబడి గాలి వాసన చూస్తుంది. కళ్లు మూసుకుని, ముక్కు కాస్త పైకెత్తి, రెండుసార్లు. ఆ తర్వాతే తట్ట అందుకుని, చింతపల్లి తీరం నుంచి చేపలు తెచ్చే ఆటో కోసం విజయనగరం మెయిన్ రోడ్డు వైపు నడుస్తుంది.

ఈ అలవాటు 2016 ఆషాఢంలో మొదలైంది. ఇంటి యజమాని నరసింగరావుగారు ఆమెను ఇల్లు ఖాళీ చెయ్యమన్న నెల అది. ఆయన రిటైరైన డ్రిల్లు మాస్టారు. కింది వాటాలో దాలమ్మ ఉంటుంది, మధ్య అంతస్తులో ఆయన ఉంటారు. పై వాటా ఏడాదిగా ఖాళీ. చూడడానికి వచ్చినవాళ్లు మెట్ల దగ్గరే ముక్కు మూసుకుని వెనక్కి పోతున్నారు.

"దసరాకి ఇల్లు ఖాళీ చేసీ దాలమ్మా. నీ చేపల కంపుకి మేడ మీదకి ఒక్కరూ రావట్లేదు."

"నా సేపలు పదింటికల్లా అమ్ముడైపోతాయి బాబూ. సాయంత్రం కంపెక్కణ్ణించి వస్తాది? అది బంద కంపు."

తాటిబంద మా వీధి చివరి చెరువు. నీళ్లు కనబడనంతగా గుర్రపుడెక్క అల్లుకుపోయి ఉండేది. దాని కింద వీధి మురుగంతా కుళ్లేది.

"మొన్న పెళ్లికని నాలుగు రోజులు ఊరెళ్లాను. అప్పుడు రాలేదేటి కంపు?" అని అడిగింది దాలమ్మ.

"వచ్చింది. గోడలకి పట్టేసింది మరి."

వీధిలో అందరం ఆయన మాటే నమ్మాం, మా ఇంట్లో కూడా. చేపలమ్మే మనిషి ఒకరుండగా కంపుకి ఇంకో కారణం వెతకాలని ఎవరికీ తోచలేదు. భర్త పోయాక దాలమ్మ పదిహేడేళ్లుగా ఆ వాటాలోనే ఉంది. తట్ట గుమ్మంలో పెట్టుకోనిచ్చే ఇల్లు ఈ ఊళ్లో ఇంకొకటి దొరకదని ఆమెకు తెలుసు.

"బంద కడిగేసి సూపిస్తాను. అప్పుడు కూడా కంపుంటే నేనే పోతాను," అంది.

తీరంలో ఉండే ఆమె పుట్టింటివాళ్లకి అలివి వల ఉంది. దాన్ని పడవలో తీసుకెళ్లి సముద్రంలో గుండ్రంగా దింపి, రెండు కొసల తాళ్లూ ఒడ్డు నుంచి రెండు జట్లు లాగుతాయి. ఎనిమిది ఇళ్లు ఆ వల మీదే తింటాయి. గాలులకి కెరటాలెక్కువై అది పాకలో ఖాళీగా ఉన్న రోజులవి. దాలమ్మ వెళ్లి అన్న ఎర్రన్నని అడిగింది.

"సముద్రం వల మురుగ్గుంటలో ఏస్తావేటే? నీకు మతి పోయినాది."

"సిరిగితే నేనే కుడతాను. నాన్న నీకంటే ముందు నాకే నేర్పాడు."

అది నిజమని ఎర్రన్నకీ తెలుసు. లగేజీ ఆటోలో వలతోపాటు తనూ ఎక్కి వచ్చాడు, అయిదుగురు మనుషుల్ని వెంటబెట్టుకుని.

మా వీధి కుర్రాళ్ల సంఘం నాయకుడు గోవింద్, వెల్డింగు పని చేస్తాడు. దాలమ్మ పిలిస్తే వాడి జట్టు ఒక తాడు పట్టింది, ఎర్రన్న తెచ్చిన మనుషులు రెండోది పట్టారు. వల అడుగున సీసపు గుళ్లుంటాయి, అంచు నేలని తాకడానికి. సముద్రంలో అవి లేకపోతే చేప కిందనుంచి జారిపోతుంది. డెక్క పైనే తేలుతుంది కాబట్టి ఎర్రన్న వాటిని తీసేద్దామన్నాడు. దాలమ్మ వద్దంది.

"అడుగు తాకని వల వలేటి, అన్నియ్యా?"

సగం దాకా బాగానే వచ్చింది. డెక్క చాపలా ముడుచుకుంటూ ఒడ్డుకి జరిగింది. తర్వాత వల ఆగిపోయింది. గట్టిగా లాగారు. గుడ్డ చింపినట్టు శబ్దమైంది.

గోవింద్ నడుంలోతు దిగి తడిమాడు. చేతికి తుప్పు పట్టిన ఇనప చట్రం తగిలింది. దాని కింద ఇంకొకటి, ఆ పక్కన ఇంకొకటి. ఏటేటా కుర్రాళ్ల సంఘం నిమజ్జనం చేసిన వినాయకుల ఎముకలన్నీ అక్కడే ఉన్నాయి. ఒక చట్రానికి తల వెనక సైకిల్ రిమ్ము అతికించి ఉంది.

"ఇది నేను వెల్డింగు పెట్టిందే," అన్నాడు గోవింద్ నెమ్మదిగా.

"మా బాగా అతికించావురా. నా వల సిరిగినాది గానీ అది ఊడలేదు," అంది దాలమ్మ.

ఎర్రన్న గట్టు మీద కూర్చుని చిరుగు మడత విప్పి చూశాడు. రెండు బారలుంది. "ఎనిమిది ఇళ్లే, సెల్లీ," అన్నాడు. అంతకంటే తిట్టలేదు.

"నా తప్పే అన్నియ్యా. కెరటాలు తగ్గేలోగా కుట్టి ఇస్తాను."

గుళ్లు విప్పేసి, వలని పైకి తేల్చే బెండ్లు మాత్రం ఉంచి, మర్నాడు మళ్లీ వేశారు. మూడు రోజుల్లో డెక్క ఒడ్డుకి చేరింది. ఆఖరి రోజు తాడు పట్టడానికి చేతులు చాలకపోతే నేనూ మా మేడ దిగి వెళ్లాను. చట్రాలు మాత్రం గోవింద్ జట్టే ఒక్కొక్కటిగా తీసింది, ఎవరూ అడగకుండానే. ఆ చవితికి వాళ్లు మూరెడు మట్టి వినాయకుణ్ణి పెట్టి నీళ్ల తొట్టెలో కలిపారు. మురుగు కాలువ మళ్లించడానికి అర్జీలూ తిరుగుళ్లూ కలిపి ఇంకో ఏడాది పట్టింది. అయినా డెక్క కుళ్లడం ఆగింది, నీళ్లకి గాలి తగిలింది.

దాలమ్మ రోజూ మధ్యాహ్నం గుమ్మంలో కూర్చుని వల కుట్టింది. ఇరవై మూడు రోజులు. ఎర్రన్న వచ్చి ముడులు ఒక్కొక్కటీ వేలితో లాగి చూశాడు. "నాన్న ముడే," అని వల ఆటోలో వేసుకున్నాడు.

దసరా ముందు రోజు పొద్దున్న నరసింగరావుగారు మెట్లు దిగి వచ్చారు. దాలమ్మ తట్ట పక్కన నిలబడి గాలి పీల్చి చూశారు.

"ఇప్పుడు చేపల వాసన నిజంగానే తెలుస్తోంది," అన్నారు.

"అదుంటాది బాబూ. పదింటిదాకానే."

ఆయన తలూపి, ఒక కుప్ప నెత్తళ్లు కాగితంలో పొట్లం కట్టించుకుని మేడ మీదకి వెళ్లారు.

ఇది 2019. పై వాటాలో ఒక బ్యాంకు ఉద్యోగి కుటుంబం ఉంది. కింది వాటాలో దాలమ్మ ఉంది.