అది సంతకం కాదు

కొత్త పుస్తకం విప్పగానే వచ్చే సిరా, జిగురు వాసన నాకు ఈ వయసులోనూ ఇష్టమే. మొన్న మా మనవరాలు పంజాగుట్ట నుంచి తెచ్చిన పుస్తకం వాసన మాత్రం పీల్చబుద్ధి కాలేదు. అది మల్లయ్య పంతులు జీవిత చరిత్ర. తెల్లదొరల మీద అమీర్‌పేట బండ్లవాళ్లను లేపిన మనిషి, నాకు రాత నేర్పిన మనిషి. చివరి అధ్యాయంలో "జైలులో మాఫీనామా రాసిచ్చి విడుదలయ్యారు" అని అచ్చేసి, పక్కన ఉర్దూలో ఉన్న ఆ క్షమాపణ కాగితం ఫొటో వేశారు. కింద మెలికలు మెలికలుగా ఉన్న గీతకు "తెలుగులో ఆయన సంతకం" అని పేరు పెట్టారు. నా ఒళ్లు మండిపోయింది. మాఫీ అన్న మాట నాకు కొత్తది కాదు. ఒకప్పుడు దాన్ని నమ్మినవాళ్లలో నేనూ ఉన్నాను.

అప్పటికి అమీర్‌పేట ఒక ఊరే. పంజాగుట్ట దాకా రాళ్లూ, జొన్నచేలూ. మా నాయిన సోమాజిగూడలో ఒక దొర బంగళాలో వంట చేసేవాడు. ఆదివారం ప్రార్థన అయిపోగానే నేను పలక పట్టుకుని బండ్ల కొట్టంలో పంతులు నడిపే బడికి పరుగెత్తేదాన్ని. మీసాల బండ్లవాళ్ల మధ్య ఆడపిల్లను నేనొక్కదాన్నే. దొరలు వేటకు కదిలితే చాలు, వీళ్ల బండ్లు వెట్టికి పోవాలి. ఎడ్లు కుంటుతూ తిరిగొచ్చేవి, కొన్ని అసలు వచ్చేవి కావు. అదేమని అడగబోతే దొరల గుమాస్తా ఒక ఉర్దూ కాగితం తీసి చూపేవాడు. "మా ఇష్టంతోనే వచ్చాం" అని అందులో ఉండేది, కింద ఆ అమాయకుల వేలిముద్రలు.

అందుకే పంతులు అఆల కంటే ముందు ఒక వాక్యం నేర్పాడు: "చదివి చెప్పలేదు, ఒప్పుకోను." అదీ గొలుసుకట్టులో. కలం ఎత్తకుండా, అక్షరాలన్నీ ఒకదానికొకటి తగిలించి రాసే పాత రాత అది.

"గిట్ల రాస్తే గుమాస్తాకు సంతకం లెక్కనే కొడ్తది పంతులూ," అని ఒక బండాయన పకపకా నవ్వాడు.

"కొట్టనీ. రేపు కచేరీల తెలుగొచ్చినోడు ఎవడన్న చదువుతడు గదా. నిశాని మాత్రం వెయ్యకుండ్రి," అన్నాడు పంతులు. వేలిముద్రను మేమంతా నిశాని అనేవాళ్లం. తర్వాత నా పలక చూసి, "ఏంది రూతూ, కోడి గెలికినట్టున్నది! జర గొలుసు తెగకుండ రాయ్ బిడ్డా," అన్నాడు.

ఆ ఏడు వేట కాలం రాగానే పంజాగుట్ట దారిలో బండ్లన్నీ కాడి దించి నిలబడ్డాయి. అన్నిటికీ ముందు పంతులు. దొర గుర్రం మీద నుంచి కొరడా విసిరితే ఆయన దాని కొస పట్టుకుని వదల్లేదు. సాయంత్రానికల్లా ఆయనను పట్టుకుపోయారు. ఏడాది తర్వాత వదిలారు. ఆయన కంటే ముందే కబురు ఊరు చేరింది, మాఫీ అడిగి బయటపడ్డాడట అని. ఆ కాగితాన్ని చూసినవాళ్లు మాలో ఒక్కరూ లేరు. ఆయన మాట మీద దెబ్బలు తిన్నవాళ్లు కూడా ముఖం తిప్పుకున్నారు.

ఒక మధ్యాహ్నం మా గడప ముందు నిలబడి నీళ్లడిగాడు. మనిషి సగమైపోయాడు. "పంపెయ్ బిడ్డా, మనకెందుకు," అని నాయిన లోపలి నుంచే అన్నాడు. కొలువు పోతుందని ఆయన భయం ఆయనది. నాకేం రోగం?

"మాఫీ అడిగి వచ్చినవా, పంతులూ?" అని మొహం మీదే అడిగాను.

"నువ్వు గా కాగితం చూసినవా?"

"ఊరంత అంటున్నరు."

"చూడని కాగితానికి నువ్వు సుత నిశాని వేసినవ్, బిడ్డా."

అంతే అన్నాడు, వెళ్లిపోయాడు. అసలు సంగతి ఆయనే ఎందుకు చెప్పలేదని మీరు అడగవచ్చు. గుక్కెడు నీళ్లివ్వని దానికి ఏం చెబుతాడు? ఆ వానాకాలంలోనే చెల్లెలి ఊళ్లో పోయాడని విన్నాను.

మొన్న భూతద్దం పెట్టి ఆ ఫొటో మీద వేలు పోనిస్తూ చదివాను. గొలుసుకట్టు. "చదివి చెప్పలేదు, ఒప్పుకోను." పేరు కూడా లేదు! దాన్నే సంతకం అనుకుని వదిలేశారు జైలు గుమాస్తాలు. వాళ్లకు తెలుగు రాదు సరే, ఈ పుస్తకం రాసిన పెద్దమనిషికి ఏమైంది? పుస్తకాన్ని గోడకేసి కొట్టాను. తర్వాత ఏడ్చాను. ఆ రాత చదవగలిగిన దాన్ని నేనే, ఆయనను నమ్మని దాన్నీ నేనే.

"ఆ కాగితాన్ని మీరు చదవలేదు" అని ఒక్క ముక్క ఉత్తరం రాస్తే రచయిత ఇంటికే వచ్చాడు. ముందు నీళ్లిచ్చాను. నా గడప తొక్కిన ఎవరినైనా, నీళ్లిచ్చాకే మాట అడుగుతాను.

"ఏంటి అమ్మగారూ, అంత కోపం? మీ మాట కూడా మలి ముద్రణలో వేస్తాం. ఇక్కడ సంతకం పెట్టండి," అని టైపు చేసిన కాగితం తీశాడు. చదివాను. "ఆయన క్షమాపణ కోరిన మాట నిజమే అయినా, ఆయన శిష్యురాలు నమ్మలేకపోతున్నారు" అని ఉంది.

కలం తీసుకుని, ఎత్తకుండా, కాగితం చిరిగేంత గట్టిగా రాసిచ్చాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, మురిసిపోయాడు.

"ఈ వయసులోనూ ఎంత చక్కటి సంతకమండీ!"

"అది సంతకం కాదు నాయనా," అన్నాను. "కూర్చో. చదవడం నేర్చుకున్నాకే లేద్దువు."