నాన్న గీసిన గడి

కాకినాడలో మా వీధిలోకి దోమల పొగ బండి వస్తే అందరూ గబగబా కిటికీలు మూసేస్తారు. నేను కాస్త ఆలస్యంగా మూస్తాను. కిరసనాయిలూ మందూ కలిసిన ఆ ఘాటు ముక్కుకు తగలగానే ఎండకు తెల్లబడిన మట్టి గోడలు, వాకిట్లోకి చేర్చిన పరుపులు, పొట్లాల్లా చుట్టిన దుప్పట్లు, వాటి మధ్య బిక్కచూపులు చూసే మేకపిల్లలు కళ్ల ముందుకొస్తాయి. డెబ్బైల చివర్లో, నాకు తొమ్మిదీ పదేళ్ల వయసప్పుడు, మేం ఒమాన్‌లో ఇబ్రా అనే ఊళ్లో ఉండేవాళ్లం. నాన్న అక్కడ మలేరియా మందు కొట్టించే సూపర్‌వైజరు.

ఊరంటే ఖర్జూరపు తోటలు, వాటి మధ్య మట్టి ఇళ్లు, ఎక్కడో కొండ పాదం దగ్గర పుట్టి ఇంటింటి పక్కనుంచీ పారే సన్నని నీటి కాలువ. ఎండాకాలం మొదలవగానే చెట్ల మీద గెలలు పసుపు తిరిగి, తర్వాత మెత్తబడి, ఊరంతా బెల్లం పాకం వాసన వేసేది. పండగ నాడు మసాలా పట్టించి నిప్పుల గోతిలో పాతిపెట్టిన మాంసాన్ని రెండో రోజు తవ్వి తీసేవారు. మా ఇంట్లో అది తినరని తెలిసి మాకు మాత్రం కుంకుమపువ్వు వేసిన హల్వా పంపేవారు. అమ్మ దాన్ని కొద్దికొద్దిగా చెంచాతో పెట్టి వారం రోజులు సాగదీసేది. ఆ చుట్టుపక్కల మన బడి లేదు కాబట్టి నా చదువు కూడా అమ్మ దగ్గరే, పొద్దుటి పూట వంటింట్లో జరిగిపోయేది. మిగిలిన రోజంతా వీధిలోనే. అలా నాకు అరబ్బీ వచ్చేసింది. నాన్నకు మాత్రం ఉర్దూలో నాలుగు అరబ్బీ మాటలు కలిపిన భాషే దిక్కు.

అందుకే నాన్న నన్ను డ్యూటీకి తీసుకెళ్లేవాడు. మందు కొట్టే ముందు ఏ ఇంట్లో ఎంతమంది పడుకుంటారో రాసుకోవాలి. పరాయి మగవాడు లోపలి గదుల్లోకి పోకూడదు. నేను పోవచ్చు. తలుపు మీద నాన్న ఎర్ర రంగుతో నంబరు వేస్తుండగా నేను పరదా తొలగించుకుని లోపలికెళ్లి, ఆడవాళ్లనీ పిల్లల్నీ లెక్కపెట్టి వచ్చేదాన్ని. అంత తేలిగ్గా వదిలేవాళ్లు కాదు. ముందు ఖర్జూరం తినాలి, తర్వాత పిడి లేని బుల్లి కప్పుతో కాఫీ తాగాలి. ఇక చాలంటే కప్పును అటూ ఇటూ ఆడించి ఇవ్వాలి. అది తెలియక మొదటి రోజు ఎనిమిది కప్పులు తాగి, మధ్యాహ్నం అన్నం తినలేక అమ్మ చేత తిట్లు తిన్నాను.

నా రాత గుండ్రంగా ఉంటుందని లోపలివాళ్ల వివరాలు నన్నే ఇంగ్లీషులో రాయమనేవాడు నాన్న. రిజిస్టరు ఆయన సొంతంగా గీతలు గీసుకున్నది. నంబరు, యజమాని, మగవాళ్లు, ఆడవాళ్లు, పిల్లలు. పైవాళ్లు అడిగింది అంతవరకే. నాన్న దాని పక్కన ఇంకో గడి గీశాడు, ఏ జాతి వాళ్లు అని. పిఠాపురం దగ్గర పంచాయతీ కచేరీలో పదేళ్లు గుమాస్తాగా పనిచేసినవాడు. ఆ గడి లేని రిజిస్టరు ఆయన కంటికి గోడ కట్టని ఇల్లులా ఉండేదేమో. పంపు భుజాన వేసుకునే మల్లయ్య జగిత్యాల వైపు మనిషి. మొదటి రోజే ఆ పేజీలోకి తొంగిచూసి, గడి దేనికో నన్నడిగి తెలుసుకుని నవ్వాడు.

"సార్, గీడ గూడ గదేనా? దోమ కులం అడిగి కుడుతదా?"

నాన్న కూడా నవ్వేశాడు గాని గడి చెరపలేదు.

గడి నిండుతూనే వచ్చింది. అరబ్బులు ఒకే ఊరివాళ్లయినా ఎగువ వాడ వాళ్లు దిగువ వాడ తెగ పేరు చెబితే పెదవి విరిచేవారు. బలూచీల ఇళ్లలో ఆడవాళ్ల గౌన్ల మీద అద్దాల్లా మెరిసే కుట్టుపని ఉండేది. వాళ్ల తాతలు సముద్రం దాటి సిపాయిలుగా వచ్చారట, ఇంట్లో ఇంకా బలూచీలోనే దెబ్బలాడుకునేవారు. ఇసుక దిబ్బల్లోంచి ఖర్జూరం కోతకు దిగే బదూలు ఇంటికి నంబరు వేస్తామంటే, గుడారానికి నంబరేమిటని పడీపడీ నవ్వారు. ఒకప్పుడు పెద్ద ఇళ్లలో బానిసలుగా ఉన్నవాళ్ల పిల్లలు యజమానుల తెగ పేరే చెప్పేవారు. నాన్న కలం పట్టుకుని ఆలోచించి, చివరికి చెప్పింది చెప్పినట్టే రాయమనేవాడు. బజారులో ఒక గుజరాతీ సేటు, మా వీధి చివర ఒక మలయాళీ నర్సు, మేము. మా ఇంటి వరస నేనే రాశాను. ఆ గడిలో ఇండియన్ అని రాస్తే నాన్న చూసి అలాగే ఉంచేశాడు.

జకియా వాళ్ల ఇల్లు కాలువకు అవతల. తనది నా ఈడే. కాలువ మీంచి ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు గెంతడమే మా ఆట, ఓడినవాళ్ల గౌను తడిసేది. ఇంట్లో వాళ్లమ్మ, వాళ్ల నాన్నమ్మ, అంతే. నాన్నమ్మను ఊరంతా బీబీ అనేవారు. ఆఫ్రికా పక్కనున్న జాంజిబార్ దీవిలో తిరుగుబాటు వచ్చి ఉన్నదంతా పోయి, భర్తా కొడుకూ కూడా అక్కడే కన్నుమూశాక, కోడలినీ మనవరాలినీ పట్టుకుని తాతల ఊరు ఇదేనంటూ వచ్చింది. ఇంట్లో స్వాహిలీ మాట్లాడుకునేవారు. పూల చీరలాంటి గుడ్డ చుట్టుకునేవారు. కొబ్బరిపాలతో పిండి కలిపి, ఏలకులు వేసి, నూనెలో పొంగించే మందాజీల కోసం నేను రోజూ సాయంత్రం ఆ ఇంట్లోనే ఉండేదాన్ని. మా అమ్మ వండే బూరెల కన్నా అవే బాగుంటాయని ఒకసారి అనేశాను. అమ్మ రెండు రోజులు బూరెల మాట ఎత్తలేదు.

వాళ్ల తలుపు మీద నంబరు పడిన రోజు నేను లోపలికి కూడా వెళ్లలేదు. ముగ్గురే కదా, తెలిసిన ఇల్లే కదా. గట్టు మీద కూర్చునే గుండ్రంగా రాసేశాను. చివరి గడిలో జాంజిబారీ అని.

ఆ మాట ఏం చేసిందో నెల తర్వాత తెలిసింది. బయటి నుంచి తిరిగొచ్చినవాళ్లకు ఈ దేశం కాగితాలు రావాలంటే వీళ్లు మావాళ్లేనని తెగ పెద్ద సంతకం పెట్టాలి. కాగితాలొస్తే జకియా వాళ్లమ్మకు ఆడపిల్లల బడిలో పంతులమ్మ ఉద్యోగం సిద్ధంగా ఉంది. రాకపోతే ఒకసారి దేశం పోగొట్టుకున్న మనుషులు మళ్లీ ఎక్కడికి వెళ్లాలో ఎవరికీ తెలియదు. ఆ తెగ పెద్ద షేక్ జాగ్రత్త గల మనిషి. ఊళ్లో ఇంటింటి వివరం రాసి ఉన్న పుస్తకం మా నాన్న రిజిస్టరొక్కటే కాబట్టి, ఇంగ్లీషు చదివిన మేనల్లుణ్ణి పంపి చూపించుకున్నాడు. వాళ్లే మేం జాంజిబార్ వాళ్లమని రాయించుకుంటే నేనెలా సంతకం పెట్టను అన్నాడట.

మర్నాడు పొద్దున జకియా వాళ్లమ్మ మా ఇంటికొచ్చింది. మా అత్త అలా చెప్పిందా అని మాత్రం అడిగింది. నాన్న నావైపు తిరిగాడు.

"నువ్వు ఆళ్లని అడిగేవా, అడక్కుండా రాసేవా?"

"అడగలేదు నాన్నా."

కొడతాడనుకున్నాను. రిజిస్టరు చంకన పెట్టుకుని, నా చెయ్యి పట్టుకుని బయల్దేరాడు. మల్లయ్య పంపు దింపేసి వెనకే వచ్చాడు.

షేక్ ఇంటి ముందు గదిలో పదిమంది మగవాళ్లు గోడలకు ఆనుకుని కూర్చున్నారు. ఈ గడి పైవాళ్లు అడిగింది కాదని, తనే గీశానని, తన కూతురు అడక్కుండా నింపిందని నాన్న తన ఉర్దూలో చెప్పి, నన్ను అరబ్బీలో చెప్పమన్నాడు. నేను నేల చూస్తూ చెప్పాను. షేక్ గడ్డం నిమురుకుని, "అయితే ఇప్పుడెళ్లి అడిగిరా" అన్నాడు.

కాలువ గట్టు మీద పరుగెత్తాను. బీబీ పిండి కలుపుతోంది. మీరు ఏ తెగవాళ్లని నేను అడగగానే చేతులు కడుక్కుంది. ఊరికి వచ్చినప్పట్నుంచీ ఈ మాట ఎవరు అడుగుతారా అని చూస్తున్నానంది. మగదిక్కు లేని ఇల్లని తెగవాళ్లెవరూ గడప తొక్కలేదట. నా భుజాలు పట్టుకుని, ఎక్కం చెప్పించినట్టు పేర్లు చెప్పించింది. మూడుసార్లు అప్పజెప్పించుకుని గాని వదల్లేదు.

దారంతా పైకే వల్లించుకుంటూ, ఎవరు పలకరించినా పలకకుండా వచ్చి గదిలో నిలబడ్డాను. జకియా తండ్రి సయీద్, సయీద్ తండ్రి నాసిర్, నాసిర్ తండ్రి హమద్, హమద్ తండ్రి ఖల్ఫాన్. అక్కడ షేక్ చెయ్యెత్తాడు.

"ఏ ఖల్ఫాన్? మాలో ఖల్ఫాన్‌లు చాలామంది."

"కాలువలో తన నీటి వంతు తమ్ముడికి వదిలేసి పడవెక్కిన ఖల్ఫాన్."

గదిలో కాఫీ పోస్తున్న మనిషి ఆగిపోయాడు. ఖల్ఫాన్‌కు పైనున్న పేర్లు షేక్ తనే మొదలుపెట్టాడు. బీబీ నాకు నేర్పిన వరసలోనే, ఒక్కటీ తేడా లేకుండా. ఇద్దరం కలిసే పూర్తిచేశాం. "ఆ తమ్ముడు మా తాత" అన్నాడు, నాతో కాదు, గదిలోవాళ్లతో. ఆ మధ్యాహ్నమే ఆయన ఇంటి ఆడవాళ్లు కాలువ దాటి బీబీ ఇంటికి వెళ్లారు. సంతకం ఆ తర్వాతి వారం అయింది.

ఇంటికొచ్చాక నాన్న రిజిస్టరు ముందేసుకుని, మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఆ గడి మీద అడ్డంగా గీత కొట్టి, ప్రతి గీత కింద పొట్టి సంతకం పెట్టాడు. ఒక్క ఇంటిదే కొట్టేస్తే చాలదా అంది అమ్మ. ఆయన తర్వాతి పేజీ తిప్పాడు.

ఆ మట్టి ఇళ్లు ఇప్పుడు చాలావరకు కూలిపోయాయని, ఉన్నవాళ్లు రోడ్డు పక్క సిమెంటు ఇళ్లకు మారారని జకియా చెబుతుంది. తను మస్కట్‌లో ఉంటుంది. స్వాహిలీ తనతోనే ఆగిపోయిందట. పిల్లలకు అర్థమవుతుంది, మనవలకు అదీ లేదు. నాన్నా మల్లయ్యా ఇద్దరూ పోయారు. ఈమధ్య వీడియో కాల్ చేసి, స్కూల్లో రెండు వైపుల తాతముత్తాతల పేర్లు రాసుకురమ్మన్నారంటూ మనవరాలిని నా ముందు కూర్చోబెట్టింది. తన పుట్టింటి పేర్లు జకియాకు నాలుగైదు తర్వాత తడబాటట. నేను చెబుతూ పోయాను, ఆ పిల్ల రాసుకుంది. అయ్యాక పెన్సిలు పక్కన పెట్టకుండానే, మరి నువ్వు ఎవరి కూతురివి అని అడిగింది.

నాన్న పేరు చెప్పాను. తాత పేరు చెప్పాను. ఇంకా ఉన్నాయేమోనని ఆ పిల్ల పెన్సిలు పట్టుకుని నావైపు చూస్తూనే ఉంది.