కాకెక్కని కొట్టం

బాన్సువాడ చాకలివాడలో పోసవ్వ గోడల గురించి చెప్పుకోని ఆడమనిషి లేదు. శుక్రవారం తెల్లారేసరికి మోచేతుల దాకా ఎర్రమట్టి పులుముకుని గోడ ముందు కూర్చునేది. ఆమె అలికిన చోట చెయ్యి పెట్టి చూస్తే గరుకన్నది తగలదు. "నా గోడ మీద ఈగ వాలితే జారి పడాలె" అనేది. పడుతుందని నమ్మేది కూడా. తప్పులన్నీ పక్కవాళ్ల ఇళ్లలోనే పుట్టి పెరుగుతాయనీ, తన గడప తొక్కవనీ ఆమెకు గట్టి నమ్మకం. మనిషి చెడ్డది కాదు. నోరే కాస్త పెద్దది.

ఆ ఇంటి వెనక చిన్న మట్టి కొట్టం ఉండేది. నిజాంసాగర్ ఆనకట్ట కట్టే రోజుల్లో ఆమె మొగుడు సాయన్న అక్కడి దొరల బట్టలు ఉతికాడు. వానాకాలం బట్టలు ఆరేందుకు పొయ్యి పెట్టిన గది ఒకటి అక్కడ చూసి, ఇంటికొచ్చి తనకు తోచినట్టు అలాంటిదే కట్టుకున్నాడు. మధ్యలో బొగ్గుల పొయ్యి, పైన వెదురు దండేలు, తేమ పోవడానికి చూరు కింద ఓ కంత. ఎంత ముసురు పట్టినా పొద్దున వేసిన తడి చీర మధ్యాహ్నానికి పెళపెళలాడుతూ చేతికొచ్చేది. పురుడొచ్చిన ఇళ్లవాళ్లంతా ఆ కొట్టాన్నే నమ్ముకునేవారు. పోయినేడు దసరా తర్వాత సాయన్న జ్వరమొచ్చి పోయాడు. కొట్టమూ, కొడుకు భూమన్నా, కొత్త కోడలు నీలా పోసవ్వ పెత్తనంలో మిగిలారు.

పందొమ్మిది వందల నలభై ఒకటి శ్రావణంలో ముసురు పట్టి తొమ్మిది రోజులైనా వదల్లేదు. ఆ ముసురులోనే బీడీలు చుట్టే గంగమణికి ఏడో నెలలో ఆడపిల్ల పుట్టింది. పిల్ల పిడికెడుంది. "తడిగుడ్డ తగిలిందంటే పిల్ల దక్కదు. పూటపూటకు ఎండిన గుడ్డ, ఎచ్చగ ఉండాలె" అని మంత్రసాని ఒకటే మాట చెప్పింది. గంగమణి అత్త లక్ష్మవ్వ గుడ్డల మూటతో పరుగెత్తుకొచ్చింది.

"ఫికర్ చెయ్యకు లచ్చవ్వా, నేనున్న గద!" అంది పోసవ్వ.

తీరా ఆ వానాకాలంలో మొదటిసారి పొయ్యి ముట్టిస్తే కొట్టం కాకెక్కలేదు, వేడి నిలవలేదు. పొయ్యి అంటుకునేది కానీ కాసేపటికే నిప్పులు బూడిద కప్పుకుని ముడుచుకునేవి. పొద్దున వేసిన గుడ్డలు పొద్దుగూకినా చెమ్మగానే ఉన్నాయి.

"బొగ్గు తడిసింది. వాకిట్ల పెట్టినవా ఏందే?" అని కోడలి మీద పడింది పోసవ్వ.

"లేదత్తా, లోపల్నే పెట్టిన" అంది నీల.

"పెడితే గిట్లెందుకైతది?"

పొడి తుమ్మబొగ్గు తెప్పించి పోసింది. అదీ అంతే. "అయితే నువ్వు సక్కగ పిండుతలేవు" అంది. నీల అరచేతులు బొబ్బలెక్కేదాకా గుడ్డలన్నీ మళ్లీ పిండింది. ఆరలేదు. బూడిదంతా ఎత్తిపోశారు, పొయ్యి రాళ్లు తీసి మళ్లీ పేర్చారు. అయినా ఆరలేదు. అక్కడ లక్ష్మవ్వ తడిగుడ్డల్ని తన కడుపుకు చుట్టుకుని, ఒంటి వేడితో ఆరబెట్టి మనవరాలికి కప్పుతోంది. పిల్ల ఏడుపు సన్నబడిందని మూడో పొద్దున వచ్చి చెప్పి పోయింది.

పోసవ్వ పొయ్యి దగ్గరికి ఉరికి చూసింది. "దిష్టి తగిలింది" అని తేల్చేసింది. ఉప్పూ ఎండుమిరపకాయలూ గుప్పిట పట్టి, కొట్టం ముందు మూడుసార్లు తిప్పి పొయ్యిలో వేసింది. దిష్టి ఉంటే మిరపకాయ కాలినా ఘాటు రాదంటారు. వచ్చింది. అలా ఇలా రాలేదు. అత్తాకోడళ్లిద్దరూ దగ్గుతూ, తుమ్ముతూ, కళ్లు నులుముకుంటూ బయటికి ఉరికారు. చూరు కింది కంతలోంచి పోవాల్సిన పొగ వాళ్ల వెనకే గుమ్మంలోంచి వచ్చింది.

"దిష్టి లేదత్తా" అంది నీల ముక్కు తుడుచుకుంటూ. "పొగ పైకి పోతనే లేదు. అసలు పొయ్యికి గాలి యాడికెళ్లి వస్తది?"

పోసవ్వ తిట్టబోయి ఆగింది. గాలి వెనక గోడ అడుగు నుంచి రావాలి. అక్కడ సాయన్న పగిలిన కుండ మెడ ఒకటి పొదిగాడు. పిడికిలి పట్టేంత ఉండేది. గబగబా వెనక్కి నడిచి చూసింది. గోడ నున్నగా, ఎర్రగా, ఎక్కడా చిన్న సొట్ట కూడా లేకుండా ఉంది. శుక్రవారానికో పూత పడి ఆ కుండ మెడ అంచులు దగ్గరికొచ్చాయి. చివరికి వేలు పట్టేంత మిగిలితే ఎలుక బొక్క అనుకుని, రెండు వారాల కింద తనే ముద్దెడు మట్టి పెట్టి అదిమింది.

ఏటా ఆషాఢంలో సాయన్న గడ్డపార పట్టుకుని అక్కడ గీకేవాడు. "నా గోడ ఖరాబ్ చేస్తున్నవ్" అని ఆమె తిట్టిపోసేది. ఆయన నవ్వేసి, తన పని తాను చేసుకుని పోయేవాడు. ఈ ఏడు గీకేవాడు లేడు. పోసవ్వ ఆ బురదలోనే కూలబడి, మొగుడు పోయిన నాటికంటే ఎక్కువగా ఏడ్చింది.

నీల గడ్డపార తెచ్చిచ్చింది. పోసవ్వ లేచి తన గోడను తానే పొడిచింది. పెళ్ల ఊడి పడింది. లోపల పొయ్యి భగ్గుమంది. మధ్యాహ్నం దాటకముందే గుడ్డలన్నీ ఆరాయి.

మూటను గొంగడి కింద దాచుకుని ఇద్దరూ గంగమణి ఇంటికి పోయారు. లక్ష్మవ్వ ఒక్కో గుడ్డనూ చెంపకానించి చూసుకుని పిల్లకు చుట్టింది. ఒళ్లు వెచ్చబడ్డాక ఆ పిడికెడు పిల్ల గొంతు చించుకుని ఏడ్చింది. ఇంటిల్లిపాదీ నవ్వారు.

"ఇన్నొద్దులు ఏమైంది పోసవ్వా?" అని అడిగింది లక్ష్మవ్వ.

"బొగ్గు తడిసిందవ్వా" అని నీల చప్పున అందుకుంది.

అంతటితో సరిపోయేదే. కానీ పోసవ్వకు సాయన్న నవ్వు గుర్తొచ్చింది. ఆయనకు చెప్పుకునే దారి ఇక లేదు. కోడలు మాత్రం పక్కనే ఉంది.

"బొగ్గు తడువలేదు. గాలి కంత నేనే మూసిన. నా కోడల్ని ఉత్తగ తిట్టిన" అంది.

గంగమణి మంచం మీద నుంచి తలెత్తి చూసింది. పోసవ్వ నోట అలాంటి మాట బాన్సువాడ ఎన్నడూ వినలేదు.

తిరిగొచ్చేటప్పుడు ఇద్దరూ ఒకే గొంగడి కప్పుకున్నారు. "ఇగ నా తప్పు కనబడితే మొఖం మీదనే చెప్పు" అంది పోసవ్వ.

నీల నాలుగడుగులు ఆలోచించింది. "గిప్పుడే చెప్పాల్నా?"

"చెప్పు."

"కూరల ఉప్పు మస్తు వేస్తవత్తా. నీ కొడుకు బుక్కబుక్కకు నీళ్లు తాగుతుండు."

పోసవ్వ వానలోనే నిలబడిపోయింది. నాలుక దాకా వచ్చిన తిట్టును మింగింది. ఆ తర్వాత ఎందుకో నవ్వొచ్చింది. వీధంతా వినబడేలా నవ్వింది.

ఆ పూట వంట నీలే చేసింది. పోసవ్వ పప్పు మారు వడ్డించుకుని తిన్నది. బాగుందని మాత్రం అనలేదు. ఒక్కరోజులో ఎన్నని ఒప్పుకుంటుంది!