అక్క కట్టిన మకరోనీ కారేజీ

మా చిన్నప్పుడు... ఒక మే నెలలో, సాయంత్రం ఆరింటికి అక్క భువనేశ్వర్ బండి ఎక్కాలి. ఎక్కమనో వద్దనో చెప్పాల్సిన నాన్న మధ్యాహ్నం మూడైనా ఇంటికి రాలేదు...

మర్నాడు పొద్దున అక్కకి అక్కడ హోటల్ మేనేజ్‌మెంట్ కాలేజీలో ఇంటర్వ్యూ. నాన్న టాటానగర్‌లో గూడ్సు గార్డు. బాగ్‌బేరా రైల్వే క్వార్టర్లలో ఉండేవాళ్ళం. ఇది మొదలైంది అంతకు ముందు రోజు.

"వంట నేర్పడానికి కాలేజీ ఏటే? మీ యమ్మ ఏ కాలేజీకెల్లింది?" అన్నారు నాన్న.

"నానెల్లుంటే మీకీ పులిహోర బాధ తప్పును," అంది అమ్మ వంటింట్లోంచి.

నాన్న నవ్వలేదు. "డ్యూటీ నుంచొచ్చేక సెప్తాను," అన్నారు. అంతలో గుమ్మం దగ్గర సైకిల్ బెల్లు...

"గార్డ్ సాబ్, కాల్ హై!"

డ్యూటీ కబురు తెచ్చే మనిషి. వయసు యాభై దాటినా రైల్వేలో అతన్ని కాల్ బాయ్ అనే పిలిచేవారు. కబురు అందిన రెండు గంటల్లో నాన్న బండి దగ్గరుండాలి. కారేజీ ఆ లోపే తయారవాలి. వేసవిలో ఎప్పుడూ పులిహోరే... గూడ్సు బండి చివర గార్డు కూర్చునే పెట్టె మే నెలలో ఇనప పొయ్యిలా కాలుతుంది. చింతపండు పడనిదేదీ అందులో మర్నాటికి నిలవదు.

ఆ రోజు అక్క పొయ్యి ముందుకెళ్ళి, "కారేజీ నేను కడతాను," అంది.

బిష్టుపూర్ బజారు నుంచి తెచ్చుకున్న మకరోనీ ఉంది. ఇప్పుడు పాస్తా అంటున్నాం కదా... అదే. ఉప్పు నీళ్ళలో ఉడికించి, వార్చి, పళ్ళెంలో ఆరబెట్టి, నూనె పట్టించి పై గిన్నెలో పెట్టింది. వెల్లుల్లి, పచ్చిమిర్చి నూనెలో వేయించి మధ్య గిన్నెలో పోసింది. అడుగు గిన్నెలో నాలుగు టమాటాలు... కోయకుండా. పక్కన ఉప్పు పొట్లం, చిన్న చాకు.

అమ్మ మూత తీసి చూసింది.

"ఒలమ్మా, పచ్చి టమాటాలేటే? ఆయన సేత్తో మంచినీళ్ళు కూడా ముంచుకోరు. కోసుకుని కలుపుకుంటారా?"

"ఇప్పుడు కలిపితే సాయంత్రానికి పులిసిపోతాదమ్మా. ఆకలేస్తే కలుపుకుంటారు."

"కలుపుకోపోతే?"

అక్క గిన్నెలు పేర్చి కారేజీ బిగించింది. నాన్న మూత తీసి చూడకుండానే కారేజీ పట్టుకెళ్ళిపోయారు.

మర్నాడు పొద్దున రావాల్సిన మనిషి రాలేదు. మధ్యాహ్నానికి పక్క క్వార్టర్ నుంచి కబురు తెలిసింది. ముందు వెళ్తున్న బండి ఇంజను చెడిపోయింది. నాన్న బండిని రాత్రంతా ఏదో చిన్న స్టేషన్లో, పక్క లైన్లో నిలబెట్టేశారు. ఇంకా కదలలేదట...

బయట వడగాడ్పు. అక్క సంచి సర్దుకుని గుమ్మంలో కూర్చుంది. అమ్మ ఆ సంచి వైపు చూడలేదు. "మీ నాన్న ఒప్పుకోకండా నిన్ను పంపనేనే," అని ఒక్కసారే చెప్పింది.

నాలుగైంది... నాలుగున్నరైంది...

నాన్న ఐదింటికి వచ్చారు. చొక్కా మీద చెమట ఎండి తెల్లటి చారలు కట్టింది. కారేజీ అక్క చేతికిచ్చి కుర్చీలో కూలబడ్డారు. అక్క చేతిలోంచి తీసుకుని గిన్నెలు విప్పింది నేనే.

పై గిన్నె ఖాళీ. మధ్య గిన్నె ఖాళీ. అడుగు గిన్నెలో ఒక టమాటా ఉంది.

"ఏటండీ, బాగోనేదా?" అమ్మ గొంతు తగ్గించింది.

"డ్రైవరు తెచ్చుకున్న సబ్జీ పులిసిపోనాది. అసిస్టెంటుది కూడానూ. ఇద్దరూ నా పెట్టెలోకొచ్చి కూకున్నారు. నేనే కోసేను, నేనే కలిపేను. ముగ్గురం తిన్నాం." అప్పుడు అక్క వైపు తిరిగారు. "నాలుగు ఎక్కువే పిల్లా. మూడు సాలు."

అది ఔనో కాదో మాకెవరికీ అర్థం కాలేదు...

అమ్మే ముందు కనిపెట్టింది. "బూట్లిప్పరేటి?"

"బండి ఆరింటికి గదా. నాకు రెస్టుంది. పిల్లతో నేనూ ఎల్తాను. బండిలో తొంగుంటాను."

అక్క ఇప్పుడు టాటానగర్‌లోనే పెళ్ళిళ్ళకి వంటలు చేయిస్తోంది. రైల్వేలో కాల్ ఫోనుకే వస్తోంది. గార్డుని ట్రైన్ మేనేజర్ అంటున్నారు. ఇంటి మనిషి తిన్నాడో లేదో ఆ పూటే తెలిసిపోతోంది... ఖాళీ కారేజీ తిరిగొచ్చేదాకా గుమ్మంలో కూర్చునే అవసరం ఎవరికీ లేదు. మీ ఇంట్లో అలా ఎదురుచూసిన కారేజీ ఉంటే, అందులో ఏం కట్టేవారో కింద రాయండి.

రేపు సాయంత్రం అక్క కూతురు భువనేశ్వర్ వెళ్తోంది. మొదటి ఉద్యోగానికి ఇంటర్వ్యూ.

"తాతా, ట్రైన్ మే ఆర్డర్ కర్ లూంగీ," అంటోంది అది. తిండి బండిలోకే తెప్పించుకుంటుందట.

"ఆర్డరు నేదు, గీర్డరు నేదు," అన్నారు నాన్న.

మకరోనీ రేపు మధ్యాహ్నం మూడింటికి ఉడుకుతుంది. కారేజీ కట్టేది నాన్నే... టమాటాలు మూడు.